మార్చిన పాత మోటారుకు న్యాయమైన వెల



ఒరుల వస్తువునకు వెల కట్టుట సులభము. మన వస్తువునకు వెల కట్టుట కష్టము. మనము పెట్టిన ఖర్చును, పడిన ముచ్చటను కూడ కొనువాడే చెల్లింపవలెనని తోచును. మార్పులు చేసిన పాత మోటారుకారు విషయమున ఈ భ్రమ మఱింత యధికము.

నల్లగొండలో నా పూర్వశిష్యు డొకడు కలడు. అతని తండ్రి కొన్న 1972వ సంవత్సరపు అంబాసడరు కారు వారి యింట నుండెను. శిష్యుడు దానిలోని పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను బిగించెను. బ్రేకులు, కరెంటు తీగెలు క్రొత్తవి వేయించెను. సీట్లు కుట్టించి ఎఱ్ఱరంగు పూయించెను. పిదప కుమార్తె పైచదువునకు సొమ్ము కావలసి, దాని నమ్మజూపెను. పెట్టిన ఖర్చంతయు కారువెలతో కలిపి నాలుగున్నర లక్షలు చెప్పెను. ఎనిమిది నెలలలో చూచిపోయినవారే గాని బయానా యిచ్చినవారు లేరు. అప్పుడు నాకడకు వచ్చి, "పంతులుగారూ, మంచిమాటలతో ప్రకటన వ్రాసిపెట్టుడు. ఇంజను మార్చిన సంగతి మాత్రము వ్రాయవలదు" అనెను.

"నాయనా, నీకు వలసినది మంచిమాట గాదు, మంచిలెక్క" యంటిని. ఇద్దరమును కాగితము ముందుంచుకొని కూర్చుంటిమి.

మొదటి మెట్టు మూలవెల. అదే కాలపు కారు, మార్పులు లేనిది, నడుచుచున్నది, ఎంతకు తెగినదో కనుగొనవలయును. చెప్పిన వెల గాదు, తెగిన వెల ప్రమాణము. నల్లగొండ, సూర్యాపేట, మహబూబునగరములలో విచారింపగా మూడులక్షలని తేలెను.

రెండవది తరుగు. పాతకార్లకు శత్రువు త్రుప్పు. అది తలుపుల క్రింద, కాళ్ల క్రింది రేకులో, రంగు చాటున దాగియుండును. మెకానిక్కు నలుబదివేల పని చెప్పెను.

మూడవది మార్పుల వెల. ఇవి మూడు విధములు. బ్రేకులు, తీగెలవంటివి ఎవరికైనను పనికివచ్చును. వానిపై అరువదివేలు పెట్టియుండగా సగము, ముప్పదివేలు, కలిపితిమి. రంగు, సీట్లు అభిరుచికి సంబంధించినవి. నీకు నచ్చిన ఎఱుపు కొనువానికి కంటగింపు కావచ్చును. లక్షకు మించిన ఆ ఖర్చునకు పదివేలు మాత్రము వేసితిమి. మూడవ విధము కారు స్వరూపమునే మార్చునది. ఇంజను ఈ కోవలోనిది.

ఇచ్చట చట్టము నెఱుగవలయును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టు ఈ మాటనే దృఢపఱచెను. రిజిస్ట్రేషను పత్రమున ఒక ఇంజను, కారులో మఱొకటి యున్నచో కొనువాడు కార్యాలయమునందే చిక్కుపడును. అంతేగాదు, 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము ఏబది యేండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మారక తొలిరూపముతో నున్న వాహనమే పురాతన వాహనముగా నమోదగుటకు అర్హము. మహబూబునగరమునకు తన పేరిచ్చిన ఆఱవ నిజాము తెప్పింపదలచిన రోల్సు రాయిసు కారును నేటికిని హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున జనులు చూడవత్తురు. తొలిరూపము నిలిచియుండుటచేతనే అట్టివానికి అంత గౌరవము.

"పాత ఇంజను ఏమయ్యె?" నని యడిగితిని. "కొట్టములో గోనె క్రింద నున్న" దనెను. అదియే అతని ధనము! ఇంజను మారియున్నంతకాలము ఎఱిగిన కొనువాడు ఎనుబదివేలైనను తగ్గించును. కారు రెండులక్షల యిరువదివేలకు దిగును. ముప్పదివేల ఖర్చుతో పాత ఇంజనును బాగుచేయించి బిగించినచో తిరిగి మూడులక్షలు పలుకును. డీజిలు ఇంజనును వేఱుగా నమ్ముకొనవచ్చును.

అతడట్లే చేసెను. బేరమునకు చోటుంచి మూడులక్షల యిరువదివేలు చెప్పెను. రెండులక్షల తొంబదివేలకు లోబడరాదని మనసున ముందే నిశ్చయించుకొనెను. ప్రకటనలో ఇంజను తీసి మరల బిగించిన సంగతియు, త్రుప్పు సంగతియు దాచక వ్రాసితిని. మూడు వారములకు కల్వకుర్తినుండి యొకరు వచ్చి, రెండులక్షల తొంబదియైదువేలకు కొనిరి.

పైకము చేతబడినంతమాత్రాన పని ముగియదు. ఒకే రాష్ట్రములోనైనచో అమ్మినవాడు పదునాలుగు దినములలో, కొన్నవాడు ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలయును. పేరు మారనిచో ప్రమాద పరిహారభారము పత్రమున పేరున్నవానిదే యని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పియున్నది.

వెల యనగా మనము పెట్టిన ఖర్చు గాదు, కొనువానికి కలుగు ప్రయోజనము. ముందే చెప్పిన లోపము వెలలో కొంత తగ్గించి అంతటితో పోవును. దాచిన లోపము తగవై గడపకు తిరిగివచ్చును. నా శిష్యుని కుమార్తె ఆ యేటనే కళాశాలలో చేరినది.