కొత్త నర్సుకు తొలి ఏడాదే అసలు పరీక్ష

* తరగతి గదికీ వార్డుకూ మధ్య వారధి అవసరం
* పట్టా ఇవ్వడంతో ముగియని అధ్యాపకుల బాధ్యత

తిరుపతి: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లోని నర్సింగ్‌ కళాశాలల నుంచి ఏటా కొత్త పట్టభద్రులు ఆసుపత్రుల్లో అడుగు పెడుతున్నారు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌ పూర్తిచేసి, రాష్ట్ర నర్సుల మండలిలో పేరు నమోదు చేసుకుని, నియామక పత్రం అందుకున్న రోజు నుంచే వారు స్టాఫ్‌ నర్సులు. నిన్నటి వరకు ఒక ఇంజెక్షన్‌ ఇవ్వాలన్నా పక్కన అధ్యాపకురాలు నిలబడేవారు. నేడు రాత్రి డ్యూటీలో వార్డు బాధ్యత తమపైనే పడుతుంది. 'సిస్టరమ్మా' అని పిలిచే రోగి బంధువుకు ఆమె కొత్తగా చేరిందో, పదేళ్లుగా పనిచేస్తోందో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. తన మనిషికి సరైన సమయంలో సరైన పరిచర్య అందాలన్నదే అతని కోరిక.

విద్యార్థిని స్టాఫ్‌ నర్సుగా మారడం ఒక్క రోజులో జరిగిపోతుంది. అందుకు తగిన నేర్పు, స్థైర్యం మాత్రం ఒక్క రోజులో రావు. ఈ వ్యవధిలో ఆమెకు తోడు నిలిచే అనుభవజ్ఞురాలు ఉన్నారా, లేరా అన్నదానిపైనే రోగి భద్రత, ఆ నర్సు భవిష్యత్తు రెండూ ఆధారపడి ఉంటాయి.

చదివింది ఒకటి... ఎదురయ్యేది మరొకటి

కొత్త నర్సుల తడబాటు ఏ ఒక్క ఊరికో, దేశానికో పరిమితమైనది కాదు. అమెరికాకు చెందిన నర్సింగ్‌ ఆచార్యురాలు మార్లిన్‌ క్రేమర్‌ 1974లోనే దీనిపై ఒక గ్రంథం వెలువరించారు. కళాశాలలో నేర్చుకున్న ఆదర్శాలకూ, వార్డులో కనిపించే వాస్తవానికీ మధ్య ఉన్న దూరం కొత్త నర్సును దిగ్భ్రాంతికి గురిచేస్తుందని ఆమె వివరించారు. చేరిన కొత్తలో ఉత్సాహం, ఆ తరువాత నిరాశ, క్రమంగా తేరుకోవడం, చివరకు సర్దుకోవడం అనే దశలను ఆమె గుర్తించారు. నిరాశ దశలో ఆదుకునేవారు లేకపోతే కొందరు వృత్తినే వదిలిపెడతారు. మరికొందరు వృత్తిలోనే ఉండి, నేర్చుకున్న ప్రమాణాలను వదిలిపెడతారు. రెండోది మొదటిదానికన్నా ప్రమాదకరం.

పదేళ్ల తరువాత, 1984లో, ప్యాట్రీషియా బెనర్‌ అనే మరో నర్సింగ్‌ పండితురాలు నర్సు ఎదుగుదలను అయిదు మెట్లుగా విభజించారు. అనుభవం లేని ఆరంభకురాలు మొదటి మెట్టు. నియమాలను గుర్తుంచుకుని పనిచేసే దశ అది. చివరి మెట్టుపై ఉన్న నిపుణురాలు రోగిని చూడగానే పరిస్థితి మారుతోందని పసిగడుతుంది. ఈ మెట్లను పుస్తకం చదివి ఎక్కలేరు. రోగుల మధ్య గడిపిన కాలం, దానిని అర్థం చేయించే పెద్దలు కావాలి. కొత్తగా పట్టా పొందినవారి నుంచి మొదటి నెలలోనే నిపుణురాలి పనిని ఆశించడం అన్యాయమే కాక, రోగికి ముప్పు కూడా.

సిరంజిపై గీతలు చెప్పే పాఠం

తోడు ఎందుకు అవసరమో ఒక చిన్న ఉదాహరణతో తెలుసుకోవచ్చు. మన దేశంలో ఇన్సులిన్‌ ప్రధానంగా రెండు బలాల్లో లభిస్తుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. సిరంజిలు కూడా వేర్వేరు. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. వైద్యుడు 20 యూనిట్లు రాశారనుకుందాం. 100 యూనిట్ల బలమున్న మందును పొరపాటున 40 యూనిట్ల సిరంజిలో 20వ గీత వరకు తీస్తే, లోపలికి వచ్చేది అర మిల్లీలీటరు. అంటే 50 యూనిట్లు. రోగికి రెండున్నర రెట్ల మందు చేరుతుంది. రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఇందుకు విరుద్ధంగా, 40 యూనిట్ల మందును 100 యూనిట్ల సిరంజిలో 20వ గీత వరకు తీస్తే రోగికి అందేది 8 యూనిట్లే.

ఈ లెక్క విద్యార్థినికి తెలియనిది కాదు. పరీక్షలో అడిగితే తప్పక రాస్తుంది. అయితే రాత్రి రెండు గంటల వేళ ఒకవైపు సెలైన్‌ అయిపోయిందని పిలుపు, మరోవైపు కొత్త రోగి రాక, చేతిలో సిరంజి ఉన్నప్పుడు ఆగి సీసాపై చీటీని, సిరంజి మూతను సరిపోల్చి చూడడం అలవాటుగా మారాలి. ఆ అలవాటు పక్కనున్న సీనియర్‌ను రోజూ చూస్తేనే అబ్బుతుంది.

శ్వాస లెక్కింపు కూడా ఇటువంటిదే. రోగి పరిస్థితి విషమించబోతోందని తెలిపే తొలి సూచనల్లో శ్వాసవేగం పెరగడం ఒకటి. నిండా ఒక నిమిషం పాటు ఛాతీని గమనించి లెక్కించాలని పాఠం చెబుతుంది. పని ఒత్తిడిలో దానిని అంచనాగా రాసేయడం సులువు. గడియారం పట్టుకుని లెక్కించే సీనియర్‌ వద్ద పనిచేసిన కొత్త నర్సు తానూ లెక్కిస్తుంది. అంచనాగా రాసేవారి వద్ద చేరితే అదే నేర్చుకుంటుంది.

తోడు అంటే పర్యవేక్షణ మాత్రమే కాదు

కొత్త నర్సుకు రెండు రకాల సాయం అవసరం. వార్డులో కొన్ని వారాలు లేదా నెలల పాటు పక్కనే ఉండి పని నేర్పే అనుభవజ్ఞురాలిని ప్రిసెప్టర్‌ అంటారు. ఉద్యోగ జీవితంలో చాలాకాలం సలహా ఇస్తూ, మంచిచెడులు వినే పెద్దదిక్కును మెంటార్‌ అంటారు. ఇద్దరూ ఒకరే కావచ్చు, వేర్వేరు కావచ్చు. అయితే ఏడాది చివర పనితీరుపై మార్కులు వేసే అధికారే మెంటార్‌ అయితే, కొత్తవారు తమ సందేహాలను, పొరపాట్లను దాచుకునే అవకాశం ఉంది.

ఈ ఏర్పాటు ఫలించాలంటే కొన్ని నియమాలు పాటించాలి. మొదటి వారాల్లో ఇద్దరికీ ఒకే డ్యూటీ వేయాలి. కొత్త నర్సుకు ఇద్దరు ముగ్గురు రోగులతో ప్రారంభించి క్రమంగా సంఖ్య పెంచాలి. ఒంటరిగా నైట్‌ డ్యూటీ వేసేముందు ఆమె ఏయే పనులు స్వయంగా చేయగలదో పట్టిక ప్రకారం పరీక్షించాలి. డ్యూటీ అప్పగించే సమయంలో రోగి ఎవరు, పూర్వస్థితి ఏమిటి, ఇప్పుడెలా ఉన్నారు, తరువాత ఏం చేయాలి అన్న నాలుగు విషయాలను వరుసగా చెప్పడం అలవాటు చేయాలి. వారానికొకసారి అరగంట కూర్చుని, బాగా జరిగినదేమిటో, తడబడినది ఎక్కడో మాట్లాడుకోవాలి. పొరపాటు జరిగినప్పుడు ముందు రోగికి జరగవలసిన చికిత్స చూడాలి. ఆ తరువాత కారణం వెతకాలి. నలుగురిలో మందలిస్తే ఆ తరువాతి పొరపాటు ఎవరికీ తెలియకుండా కప్పుబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నేర్పే నర్సుకు తీరిక ఇవ్వడం. ఆమెకు యథాప్రకారం పూర్తి పనిభారం మోపి, కొత్తవారిని కూడా చూసుకోమనడం కాగితంపై ఏర్పాటే అవుతుంది.

పొరుగున ఉన్న అనుభవం

ఈ విషయంలో ఆదర్శం కోసం సముద్రాలు దాటనక్కరలేదు. చిత్తూరుకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు మన జిల్లాల నుంచి తరతరాలుగా రోగులు వెళుతూనే ఉన్నారు. ఈ సంస్థకు 1900లో డాక్టర్‌ ఐడా స్కడర్‌ ఒకే పడకతో నాంది పలికారు. ఆమె 1909లో అక్కడ నర్సుల శిక్షణ పాఠశాలను నెలకొల్పారు. అప్పటికి వేలూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. ఆ జిల్లాకు కేంద్రం చిత్తూరే. చిత్తూరు జిల్లా ప్రత్యేకంగా ఏర్పడింది 1911లో. వేలూరులో 1946లో నర్సింగ్‌ డిగ్రీ కోర్సు ప్రారంభమైంది. అదే ఏడాది ఢిల్లీలోనూ మొదలైంది. దేశంలో నర్సింగ్‌కు పట్టా చదువు వచ్చింది ఈ రెండు చోట్ల నుంచే.

వేలూరు పద్ధతిలో గమనించదగినది మరొకటి ఉంది. అక్కడ నర్సింగ్‌ విద్య, నర్సింగ్‌ సేవ వేర్వేరు శాఖలుగా కాక కలిసి నడుస్తాయి. కళాశాలలో బోధించే అధ్యాపకులకు వార్డుల్లో రోగుల పరిచర్య బాధ్యతలు కూడా ఉంటాయి. తరగతిలో చెప్పిన మాటను వార్డులో చేసి చూపవలసింది కూడా వారే. అందువల్ల 'కళాశాలలో అలా చెబుతారు, ఇక్కడ ఇలా చేస్తాం' అనే మాటకు చోటు తగ్గుతుంది.

విదేశాల్లో కొత్త నర్సుల తొలి ఏడాదికి ప్రత్యేక పథకాలే ఉన్నాయి. అమెరికాలో బోధనాసుపత్రులు, నర్సింగ్‌ కళాశాలల సంఘం కలిసి 2002లో ఏడాది కాలపు నర్సు రెసిడెన్సీని ప్రారంభించాయి. స్కాట్లాండ్‌ ప్రభుత్వ ఆరోగ్య సేవ 2006లో కొత్త నర్సులకు మొదటి ఏడాది తోడ్పాటు పథకాన్ని ప్రవేశపెట్టింది. పట్టా పొందడంతో శిక్షణ ముగియదని ఈ పథకాలు అంగీకరిస్తున్నాయి.

మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యం

తిరుపతిలో 1960లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధంగా రుయా ఆసుపత్రి పనిచేస్తోంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో 1993లో ప్రారంభమైన స్విమ్స్‌కు 1995లో విశ్వవిద్యాలయ హోదా లభించింది. దానికి సొంత నర్సింగ్‌ కళాశాల ఉంది. చిత్తూరు, కడప, నెల్లూరు ప్రాంతాలతో పాటు తమిళనాడు, కర్ణాటక సరిహద్దు గ్రామాల నుంచి రోగులు ఇక్కడికి వస్తారు. వారికి తోడు శ్రీవారి దర్శనానికి వచ్చి అస్వస్థులయ్యే యాత్రికులు ఉంటారు. కొత్త నర్సు ఒకే డ్యూటీలో తెలుగు, తమిళం, కన్నడం, హిందీ మాట్లాడేవారిని చూడవలసి వస్తుంది. నొప్పి ఎక్కడ, మందు ఎప్పుడు వేసుకున్నారు అన్న ప్రశ్నలకు జవాబు రాబట్టడం కూడా ఒక నైపుణ్యమే. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అనుభవమున్న సిస్టర్ల వద్దే నేర్చుకోవాలి.

పరిచర్య విలువ ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె సమీపంలో 1915లో ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ప్రారంభమైన నాటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, పౌష్టికాహారం, విశ్రాంతి, ఓపికతో కూడిన పరిచర్య, ఇవే నాటి చికిత్స.

బోధనాసుపత్రుల సాధారణ వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు చొప్పున నర్సులు ఉండాలని భారత నర్సింగ్‌ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. నర్సుల సంఖ్య తగ్గినకొద్దీ మొదట కోతపడేది కొత్తవారికి నేర్పే సమయమే. నేర్పేవారు లేక కొత్తవారు మానుకుంటే మిగిలినవారిపై భారం మరింత పెరుగుతుంది. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

అధ్యాపకులు వార్డుకు రావాలి

నర్సు అధ్యాపకులంటే పాఠాలు చెప్పి, పరీక్షలు పెట్టేవారన్న అభిప్రాయం ఉంది. వారి పాత్ర అంతకన్నా విస్తృతమైనది. సవరించిన బీఎస్సీ నర్సింగ్‌ పాఠ్యప్రణాళికలో చివరి సెమిస్టరులో 22 వారాల ఇంటర్న్‌షిప్‌ ఉంది. ఈ కాలాన్ని ఖాళీ స్థానాల భర్తీకి కాక, ఉద్యోగ బాధ్యతకు సన్నద్ధం చేసేందుకు వినియోగించడం అధ్యాపకుల చేతిలోనే ఉంది.

వార్డులో నేర్పవలసిన సీనియర్‌ నర్సులకు నేర్పే పద్ధతిపై శిక్షణ ఇవ్వడం రెండో బాధ్యత. పని బాగా వచ్చినవారందరికీ బోధన రాదు. మందు పొరపాట్లు, పడకపుండ్లు, ఇన్ఫెక్షన్ల వంటి సమస్యలను వార్డు నర్సులతో కలిసి అధ్యయనం చేసి, ఫలితాలను తిరిగి తరగతికి చేర్చడం మూడోది. పట్టా పుచ్చుకుని వెళ్లిన విద్యార్థినులను ఏడాది పాటు పలకరిస్తూ, ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకుని పాఠాన్ని సవరించుకోవడం నాలుగోది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేరినవారికి ఈ పలకరింపు మరీ అవసరం. అక్కడ పక్కన మరో నర్సు ఉండకపోవచ్చు.

కొత్త పట్టభద్రులు సైతం ఉద్యోగంలో చేరేముందు జీతంతో పాటు మరికొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. మొదటి నెలల్లో ఎవరి వద్ద పని నేర్చుకోవాలి? ఒంటరి నైట్‌ డ్యూటీ ఎప్పటి నుంచి? సందేహం వస్తే రాత్రివేళ ఎవరిని పిలవాలి? ఈ ప్రశ్నలకు సూటిగా సమాధానం చెప్పగల ఆసుపత్రిలో రోగి కూడా నిశ్చింతగా ఉండవచ్చు.

ఏటా మే 12న, ఫ్లారెన్స్‌ నైటింగేల్‌ జయంతి రోజున, ఆసుపత్రుల్లో కొవ్వొత్తులు వెలిగించి కొత్త నర్సులతో ప్రతిజ్ఞ చేయిస్తారు. 1860లో లండన్‌లో నర్సుల శిక్షణ పాఠశాల స్థాపనకు మూలమైన నైటింగేల్‌ స్వయంగా ఉపాధ్యాయురాలిగా ఆలోచించిన వ్యక్తి. ప్రతిజ్ఞ చేసిన మరునాడు వార్డులో ఆ కొత్త నర్సు పక్కన నిలబడే ఒక పెద్దదిక్కును చూపించగలిగితే, ఆ వేడుకకు అర్థం చేకూరుతుంది.