ఆఫ్రికాకు చరిత్ర లేదా?

ఆఫ్రికాలో బోధింపదగిన చరిత్ర లేదనియు, అచట నున్నది ఐరోపావారి చరిత్రమే యనియు 1963లో ఆక్సుఫర్డు ఆచార్యుడు ట్రెవర్ రోపర్ తీర్పు చెప్పెను. ఇట్టి తీర్పులు మేము చిరకాలముగా విన్నవే. అప్పటికే బెల్జియము పండితుడు వాన్సినా కాంగోలో కూబా జనుల నోటి కథలను సేకరించి, తాళపత్రప్రతుల పాఠభేదములను పోల్చినట్లే ఒకని వాక్కును వేరొకని వాక్కుతో సరిచూచి, ఆ పద్ధతిని 1961లో గ్రంథరూపమున ప్రకటించియుండెను. పిచ్చకుంట్లవారు వల్లించు వంశకథలను వినోదముగా విని మరచు మనము దీనిని గమనింపవలదా?

1964లో యునెస్కో ఆఫ్రికా చరిత్రరచనకు పూనుకొనెను. 39 మంది పండితుల సంఘమున మూడింట రెండుపాళ్లు ఆఫ్రికనులే. నేటి బుర్కినా ఫాసో దేశీయుడగు జోసెఫ్ కి జెర్బో కూర్చిన ప్రథమసంపుటము 1981లో, ఎనిమిదవది 1993లో వెలువడెను. శాసనముతోపాటు నోటిమాటయు అందు సాక్ష్యమయ్యెను.