గ్రంథాలయ కార్యక్రమాలకు ఒకే చిట్టా

తెలుగునాట గ్రంథాలయాలు వెలసిన తొలినాళ్ల నుంచే పుస్తకాల బీరువాల పక్కన సభకు కూడా చోటుండేది. 1901లో హైదరాబాదులో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో ఏర్పడిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పాఠకులకు పుస్తకాలు అందిస్తూనే ఉపన్యాసాలకు, సాహిత్య గోష్ఠులకు వేదికలయ్యాయి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు పెట్టే వ్యాసరచన, వక్తృత్వ, చిత్రలేఖన పోటీలు ఆ సంప్రదాయానికి కొనసాగింపే. అయితే ఏ రోజు ఏ వేళకు ఎక్కడ ఏం జరుగుతుందో ప్రజలకు సకాలంలో తెలియజేయడం ఎప్పుడూ చిక్కుగానే ఉంది. గ్రంథాలయ వెబ్‌సైటుకు కార్యక్రమాల క్యాలెండర్ సాఫ్ట్‌వేర్‌ను అనుసంధానించడం ఈ చిక్కును విప్పడానికి నేడు అందుబాటులో ఉన్న మార్గం.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పాల్వంచ వంటి పట్టణంలో దీని అవసరం స్పష్టంగా కనిపిస్తుంది. 1966లో తొలి యూనిట్ మొదలైన కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం ఇక్కడే ఉండటం వల్ల షిఫ్టుల్లో పనిచేసే ఉద్యోగుల కుటుంబాలు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువత, చుట్టుపక్కల అటవీ గ్రామాల నుంచి బస్సు మీద వచ్చే విద్యార్థులు ఒకే పట్టణంలో మసలుతారు. షిఫ్టు మారే ఉద్యోగి తన పిల్లవాణ్ణి పోటీకి తీసుకురావాలంటే వారం ముందే తేదీ తెలియాలి. పఠన మందిరంలో సభ జరిగే రోజున నిశ్శబ్దంగా చదువుకోవడం కుదరదని పరీక్షార్థికి బస్సెక్కక ముందే తెలియాలి. అంటే, సభకు వచ్చేవారికి ఎంత అవసరమో రానివారికీ కార్యక్రమాల పట్టిక అంతే అవసరం.

ప్రస్తుతం మన పట్టణాల్లో సర్వసాధారణంగా నడిచే పద్ధతి వేరు. నిర్వాహకులు డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో కరపత్రం కూర్పించి, దాన్ని బొమ్మగా మార్చి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. ఆ బొమ్మలోని తేదీని ఫోను తనంతట తాను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోలేదు, చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ అక్షరాలను నమ్మకంగా చదవలేదు. కరపత్రంలోని వాక్యాలను నేరుగా వెబ్‌సైటులో అతికిద్దామన్నా అను ఫాంట్లు అంతర్జాతీయ అక్షర ప్రమాణమైన యూనికోడ్‌ను అనుసరించి తయారైనవి కావు కనుక అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. అన్నిటికీ మించి, సభ వాయిదా పడితే కొత్త కరపత్రం ఒక గ్రూపులోకి చేరేసరికి పాతది మరో పది గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది.

క్యాలెండర్ సాఫ్ట్‌వేర్ చేసే పని, కార్యక్రమాన్ని బొమ్మగా కాక ఒక నమోదుగా భద్రపరచడం. పేరు, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, స్థలం, వివరణ ఇందులో వేర్వేరు గడుల్లో ఉంటాయి. వాటికి తోడు ఎప్పటికీ మారని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఈ వివరాలను ఏ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగేలా రాసే పద్ధతిని ఐక్యాలెండర్ ప్రమాణం అంటారు. 1998లో వెలువడి 2009లో సవరణ పొందిన ఈ ప్రమాణం ప్రకారం తయారయ్యే చిన్న ఫైలును ఐసీఎస్ ఫైలు అని పిలుస్తారు. సభ తేదీ మారినప్పుడు నమోదులో తేదీని మాత్రమే సవరిస్తే, గుర్తింపు సంఖ్య అదే కనుక, ఈ క్యాలెండర్‌ను జోడించుకున్నవారి ఫోన్లలో రెండో సభ పుట్టదు, పాత సభే కొత్త తేదీకి మారుతుంది. రద్దయిన కార్యక్రమాన్ని చెరిపివేయడం కన్నా రద్దయినట్టు గుర్తుపెట్టి ఉంచడం మేలు, ఎందుకంటే మాయమైన సమాచారాన్ని చూసినవాడు తానే పొరబడ్డానేమో అనుకుంటాడు.

ఇలా నమోదైన కార్యక్రమాల చిట్టాను వెబ్‌సైటుకు కలపడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది పొదగడం: వేరొక చోట నడిచే క్యాలెండర్‌ను, ఉదాహరణకు గూగుల్ క్యాలెండర్‌ను, గ్రంథాలయ పేజీలో ఒక కిటికీలాగా అమర్చడం. ఇది ఖర్చులేని, సులభమైన పద్ధతే గాని నెల మొత్తం గళ్లుగా కనిపించే ఆ పట్టిక చిన్న ఫోను తెరపై ఇరుకవుతుంది, సిగ్నల్ అంతంత మాత్రంగా ఉండే అటవీ గ్రామాల్లో ఆలస్యంగా తెరుచుకుంటుంది. రెండోది వెబ్‌సైటు సాఫ్ట్‌వేర్‌కే క్యాలెండర్‌ను అనుబంధంగా చేర్చడం. వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైటు సాఫ్ట్‌వేర్‌కు ఇటువంటి అనుబంధాలు, అంటే ప్లగిన్లు, అనేకం ఉన్నాయి. ఇందులో రాబోయే కార్యక్రమాలను తేదీల వరుసలో సాదా జాబితాగా చూపవచ్చు కాబట్టి పల్లె పాఠకుడికి ఇదే అనువైనది. మూడోది ఫీడ్: ఐసీఎస్ చిట్టాకు ఒక శాశ్వత చిరునామా ఇచ్చి, పాఠకుడి ఫోనుగాని, పాఠశాల వెబ్‌సైటుగాని, జిల్లా గ్రంథాలయ సంస్థ పేజీగాని దాని నుంచి తనంతట తాను వివరాలు తీసుకునేలా చేయడం. అయితే కొన్ని క్యాలెండర్లు ఫీడ్‌ను కొన్ని గంటలకొకసారి మాత్రమే తిరిగి చూస్తాయి. సాయంత్రం సభ మధ్యాహ్నం రద్దయితే వాట్సాప్ సందేశమో, ఫోన్ కబురో తప్పదు.

తెలుగు గ్రంథాలయానికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులూ కొన్ని ఉన్నాయి. ఐక్యాలెండర్ ప్రమాణం ఒక్కో వరుసను 75 బైట్లకు మించనివ్వవద్దని సూచిస్తుంది. బైటు అంటే కంప్యూటర్ సమాచారాన్ని కొలిచే చిన్న ప్రమాణం. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలగా, ప్రచారంలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. ‘గ్రంథాలయ వారోత్సవాల ప్రారంభ సభ’ అన్న పేరే 84 బైట్లవుతుంది. సరిగా రాయని సాఫ్ట్‌వేర్ వరుసను అక్షరం మధ్యలో విరిచి, తిరిగి అతకలేక ప్రశ్నార్థకాలు చూపుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునే ముందు పొడవైన తెలుగు పేరుతో పరీక్షించాలి. కాలమండలం అమరిక రెండో చిక్కు: భారత కాలమానం ప్రపంచ ప్రామాణిక కాలానికి ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, ఈ అమరిక తప్పితే సాయంత్రం 4 గంటల సభ ఉదయం 10:30కు ఉన్నట్టు కనిపిస్తుంది.

మూడో చిక్కు పంచాంగానిది. ‘ప్రతి నెలా రెండో ఆదివారం’ వంటి నియమాన్ని ఒకసారి రాస్తే సాఫ్ట్‌వేర్ ఏడాది పొడవునా తేదీలు లెక్కిస్తుంది. కాని పాల్వంచకు సమీపంలోని భద్రాచలంలో వైభవంగా జరిగే శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి తిథులను బట్టి వస్తాయి, ఆ నియమాలకు లొంగవు. ఆ రోజుల్లో బస్సులు కిక్కిరిసి ఉంటాయి కనుక వాటిని ఏటా పంచాంగం చూసి చేతితో చేర్చుకుని, పోటీల తేదీలను ఆ తర్వాతే నిర్ణయించుకోవాలి.

క్యాలెండర్ పుస్తకాల లావాదేవీలతోనూ ముడిపడి ఉంది. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 జనవరిలో తొలిసారి వాడుకలోకి వచ్చిన కోహా అనే ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో సెలవుల పట్టిక ఉంటుంది. తగిన అమరికతో అది పుస్తకం తిరిగి ఇవ్వాల్సిన గడువును సెలవు రోజున పడకుండా చూస్తుంది. వెబ్‌సైటులో ఒక సెలవు, కోహాలో మరొక సెలవు ఉంటే పాఠకుడు తాళం వేసిన తలుపు దగ్గరికి వచ్చి, పైగా ఆలస్య రుసుము కట్టాల్సి వస్తుంది. కనుక రెండు పట్టికలనూ ఒకరే సరిచూడాలి.

ఆ ‘ఒకరు’ ఎవరన్నదే అన్నిటికన్నా ముఖ్యం. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న చర్చకు ముందే నమోదు చేసేవారి పేరు, వారు సెలవులో ఉంటే చూసేవారి పేరు ఖరారు కావాలి. పోటీలకు పిల్లల వివరాలు సేకరించేటప్పుడు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని, పేరు, తరగతి, తల్లిదండ్రుల ఫోను నంబరుతో సరిపెట్టుకుని, వాటిని బహిరంగ పేజీలో కనిపించనివ్వకూడదు. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్న పట్టణవాసులకు ఆ సొమ్ముతో జరిగే కార్యక్రమాల వివరం ముందుగా తెలియడం హక్కు కిందే లెక్క.

వెబ్‌సైటు వచ్చినంత మాత్రాన గోడ మీది నోటీసు బోర్డుగాని, కరపత్రంగాని అక్కరలేకుండా పోవు. ఫోను లేని వృద్ధ పాఠకుడికి అవే ఆధారం. మారాల్సింది పని క్రమం మాత్రమే. ముందు కరపత్రం వేసి, తర్వాత తీరిక దొరికితే వెబ్‌సైటులో పెట్టే అలవాటు పోయి, ముందు చిట్టాలో నమోదు చేసి, దానిలోంచే కరపత్రాన్ని, బోర్డు మీది కాగితాన్ని, వాట్సాప్ సందేశాన్ని తయారుచేస్తే, ఎక్కడ చదివినా తేదీ ఒక్కటే ఉంటుంది.