తొట్టి ఖాళీ... జేబూ ఖాళీ!

వినాయకుడికి మాత్రం పికప్ ట్రక్కుని మించిన రథం దొరకదు. ఒప్పుకోవాల్సిందే.

డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో మా బావగారిల్లు. నిమజ్జనం రోజు సాయంత్రం ఆయన పికప్ ట్రక్కు వెనక తలుపు దించి, తొట్టిలో పాత బొంత పరిచి, దానిమీద మా అక్క పట్టుచీర కప్పి, నలుగురు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ముక్కుతూ మూలుగుతూ మూడడుగుల మట్టి గణపతిని ఎక్కించారు. అరటి పిలకలు దొరకలేదు గానీ ఇండియన్ స్టోరులో మామిడాకులు దొరికాయి. ఎవరో స్పీకరు పెట్టారు. బండి నడకవేగంతో కాలనీ చుట్టూ తిరుగుతుంటే స్టీరింగు దగ్గర బావగారి మొహం చూడాలి! తణుకు దగ్గర పల్లెటూళ్లో వాళ్ల నాన్నగారు కొత్త ట్రాక్టరు తోలిన రోజున కూడా అంత ఠీవి ఉండి ఉండదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసుకి బయల్దేరారు. అదే బండి. నాలుగు వందల హార్స్‌పవర్ ఇంజిను. తొట్టి మూలన నాలుగు బంతిపూల రేకులు. వెనక సీట్లో ఒక ల్యాప్‌టాప్ సంచీ, లంచ్ బాక్సూ.

"మళ్లీ ఈ తొట్టికి పనెప్పుడు బావగారూ?" అన్నాను.

"వచ్చే చవితికిరా!" అని నవ్వేశారు.

ఆయన నవ్వేశారు గానీ నాకు లెక్క కట్టాలనిపించింది. బండి 65 వేల డాలర్లు. మన డబ్బుల్లో అర కోటి పైమాటే. ఇదేదో మా బావగారి ఆర్భాటం అనుకోకండి. అమెరికాలో పెద్ద పికప్‌ల సగటు అమ్మకం ధరే 60 వేల డాలర్లు దాటిపోయింది. పదివేలు ముందు కట్టి, మిగతా 55 వేలకి ఏడు శాతం వడ్డీతో ఆరేళ్ల అప్పు తీసుకుంటే నెలకి 938 డాలర్లు. ఆరేళ్లలో వడ్డీ ఒక్కటే పన్నెండున్నర వేలు. ఇక పెట్రోలు. గ్యాలనుకి ఇరవై మైళ్లు ఇస్తే గొప్ప, అంటే మన లెక్కలో లీటరుకి ఎనిమిదిన్నర కిలోమీటర్లు. ఏడాదికి పదిహేను వేల మైళ్లు తిరిగితే 750 గ్యాలన్లు. గ్యాలనుకి యాభై మైళ్లిచ్చే హైబ్రిడ్ కారుకైతే 300 చాలు. గ్యాలను మూడు డాలర్లు అనుకున్నా ఏడాదికి 1,350 డాలర్లు తేడా. ఏనుగుని కొనడం ఒక ఎత్తు, మేపడం ఇంకో ఎత్తు.

గ్యారేజీ సంగతి అక్క చెప్పింది. ఇరవై అడుగుల గ్యారేజీలో పందొమ్మిది అడుగుల పైచిలుకు బండి. లోపల పెట్టి తలుపు దించాక ముందు నుంచి నడవడానికి చోటుండదు. "ఆవకాయ జాడీలు పెట్టుకునే అలమర తీసేయించార్రా మీ బావ" అంది. ఈ ఖర్చు ఏ షోరూములోనూ రాసివ్వరు.

అసలు ఈ బండి పుట్టింది ఇలా కాదు. 1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్-టి వెనకాల చిన్న ఇనప తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. అంతకుముందు రైతులు కారు కొని, వెనక భాగం కోయించి, చెక్కపెట్టె బిగించుకునేవాళ్లు. ఆ పనేదో కంపెనీయే చేసి పెట్టింది. దాణా బస్తాలు, పాల క్యాన్లు, ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం... అన్నీ అందులోనే. మన కోస్తా పల్లెల్లో ఇప్పటికీ ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించేదే. మాటలోనే ఉంది, బరువు మొయ్యడమే దాని పని అని.

ఆ తరవాత కథ తిరగబడింది. మొదటి తరం ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో పొడవు కొలిస్తే మూడింట రెండు వంతులు తొట్టి, ఒక వంతు మనుషులు కూర్చునే క్యాబిన్. ఇవాళ్టి ఎఫ్-150లో దాదాపు మూడింట రెండు వంతులు క్యాబిన్, ఒక వంతు తొట్టి. తోలు సీట్లు, ఎండాకాలం ఆ సీట్లలోంచి చల్లగాలి, ఖరీదైన వేరియంట్లలో వీపుకి మసాజ్! వెనక ఐదున్నర అడుగుల తొట్టి మిగిలింది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు తెస్తే వెనక తలుపు దించి, తాడు కట్టి, ఎర్ర గుడ్డ తగిలించుకోవాలి. అదే షీటు కొన్ని మినీవ్యాన్లలో సీట్లు మడిస్తే లోపలే పడుకుంటుంది. వాన కూడా తగలదు. మినీవ్యాను కొంటే మాత్రం మగాడి పరువేదో పోతుందని అక్కడివాళ్ల భయం. అది మనవాళ్లకీ అంటుకుంది.

బావగారి బండి డ్రైవరు తలుపు తెరిస్తే పక్క ఇనప కమ్మీ మీద ఒక స్టిక్కరుంది. ఆయన నాలుగేళ్లలో ఒక్కసారీ చదవలేదు. వంగి చదివాను. మనుషులూ సామానూ కలిపి 1,540 పౌండ్లు మించకూడదని దాని సారాంశం. అంటే 700 కిలోల లోపు. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే 300 కిలోలు వాళ్లకే సరి. మిగిలింది 400. విలాసం పెరిగినకొద్దీ బండి సొంత బరువు పెరిగి, మోయగలిగేది తగ్గుతుంది. ఖరీదైన వేరియంటు కొన్నవాడు ఎక్కువ డబ్బిచ్చి తక్కువ మోత కొనుక్కుంటున్నాడన్నమాట!

ఇప్పుడు మన తణుకు సంతకి రండి. 2005లో టాటా వాళ్లు ఏస్ అనే బుల్లి బండి తెచ్చారు. రెండు సిలిండర్లు, 702 సీసీ, పదహారు హార్స్‌పవర్. వెనక తొట్టి ఏడడుగుల పైన. మోత 750 కిలోలు. అప్పటి ధర రెండుంపావు లక్షల దగ్గర మొదలైంది. జనం దానికి చోటా హాతీ అని పేరు పెట్టేశారు. కొబ్బరిబోండాలు, పెళ్లి సామాను, గ్యాస్ సిలిండర్లు, ఎన్నికల మైకులు, ఇల్లు మారేవాళ్ల బీరువా... అది ఎక్కించుకోనిది లేదు. దాని యజమానికి మళ్లీ ఈ తొట్టికి పనెప్పుడు అనే ప్రశ్న రాదు. ఖాళీగా తిరిగిన రోజు కిస్తీ కట్టలేడు మరి. ఏస్ ఆరు టన్నుల పడవని లాగలేదు, నిజమే. ఎఫ్-150 సరైన ఇంజినుతో లాగుతుంది. అందుకే ఆ బండి గొప్పతనం తొట్టిలో లేదు, వెనక తగిలించే కొక్కెంలో ఉంది. కానీ ఆ కొక్కేనికి ఎంతమంది ఏం తగిలిస్తున్నారు? స్ట్రాటజిక్ విజన్ అనే అమెరికా పరిశోధన సంస్థ పికప్ యజమానుల్నే అడిగింది. ఏడాదిలో ఒక్కసారికి మించి దేన్నీ లాగలేదన్నవాళ్లు నూటికి 75 మంది.

మరి పికప్ ఇంత ధర ఎందుకు పలుకుతోంది? దీని వెనక ఒక కోడి కథ ఉంది.

1960ల మొదట్లో అమెరికా నుంచి చవక కోడిమాంసం పశ్చిమ జర్మనీని ముంచెత్తింది. అక్కడి రైతులు గగ్గోలు పెట్టారు. ఐరోపా దేశాలు దానిమీద సుంకం వేశాయి. అమెరికా బేరాలాడింది, కుదరలేదు. చివరికి 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఎదురు దెబ్బ తీశాడు. బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీల మీద సుంకం పెంచి, తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం వేశాడు. ఆ దెబ్బ ముఖ్యంగా జర్మన్ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకి. తరవాత పిండికీ బ్రాందీకీ విముక్తి దొరికింది. ట్రక్కుకి మాత్రం ఇప్పటికీ లేదు. అమెరికన్లు దాన్ని చికెన్ ట్యాక్స్ అనే అంటారు.

పన్ను ఉన్నచోట పన్నుని తప్పించుకునే ఉపాయమూ ఉంటుంది. జపాన్ సుబారు కంపెనీ 1970ల చివర్లో తన బ్రాట్ అనే చిన్న పికప్ తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ట్రక్కు కాదు, మనుషుల బండి అంది. రోనాల్డ్ రీగన్ తన రాంచ్‌లో అలాంటిదొకటి వాడేవాడు. ఇంకా తమాషా ఏమిటంటే, ఫోర్డే తన చిన్న వ్యాన్లని టర్కీ నుంచి వెనక సీట్లతో తెప్పించి, అమెరికా రేవులో దిగాక ఆ సీట్లు పీకేయించేది. దానిమీద కేసు ఏళ్లతరబడి నడిచాక, 2024లో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది. ఏ గోడ చాటున దేశీ కంపెనీలు అరవై ఏళ్లుగా హాయిగా ఉన్నాయో, ఆ గోడే ఒకసారి వాటి నెత్తిన పడిందన్నమాట. ప్రపంచమంతా తిరిగే టొయోటా హైలక్స్ అమెరికా షోరూముల్లో కనిపించదు. బయటి చవక ట్రక్కు రాకపోతే లోపలి ట్రక్కు ధరకి కళ్లెం ఎవరు వేస్తారు?

ఈమధ్య అక్కడి రైతులు కొందరు దారి కనిపెట్టారు. పాతికేళ్లు దాటిన విదేశీ వాహనాన్ని భద్రతా ప్రమాణాల గొడవ లేకుండా తెప్పించుకోవచ్చు. దాంతో జపాన్‌లో వాడి పక్కనపెట్టిన సుజుకి క్యారీలాంటి బుల్లి ట్రక్కుల్ని కోడి పన్ను కట్టి మరీ తెచ్చుకుంటున్నారు. అరవై వేల డాలర్ల బండి కన్నా దాని తొట్టి పొడుగు! కొన్ని రాష్ట్రాలు వీటిని రోడ్డెక్కనివ్వమంటున్నాయి. ఈ క్యారీ వంశానిదే మన మారుతి సూపర్ క్యారీ.

అలాగని పికప్ కొన్నవాళ్లంతా అమాయకులని తీర్పు చెప్పడం అన్యాయం. గుర్రాల ట్రైలరు లాగే రాంచ్ యజమానికి, కప్పులు వేసే కాంట్రాక్టరుకి, మంచులో ఊళ్లు తిరిగే ప్లంబరుకి అది అన్నంపెట్టే చెయ్యి. పన్ను చట్టం కూడా వాళ్ల పక్షమే. స్థూల బరువు 6,000 పౌండ్లు దాటిన బండిని సగానికి మించి వ్యాపారానికే వాడితే ఖర్చులో పెద్ద భాగం మొదటి ఏడాదే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. జీతం తీసుకునే ఐటీ ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. పాతబడ్డాక కూడా మంచి ధర పలుకుతుందన్నది నిజమే. కాకపోతే కోల్పోయే శాతం తక్కువైనా, ఆ శాతం పెద్ద మొత్తం మీద.

లెక్కకందని ఖర్చు ఇంకోటుంది. బావగారి బండి ముందు మా మేనకోడలు నిలబడితే, స్టీరింగు దగ్గరున్న నాకు కనబడలేదు. ఆ పిల్లకి ఆరేళ్లు. అమెరికా హైవే భద్రతా బీమా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో చెప్పిందేమిటంటే, బానెట్ ఎత్తు 40 అంగుళాలు మించిన బండి పాదచారిని గుద్దితే ప్రాణం పోయే ముప్పు, తక్కువ ఎత్తు వాలు బానెట్ ఉన్న బండితో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువ. నేను బండి దిగి పిల్లని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాను.

ఈ మోజు మన దగ్గరికీ వచ్చింది. ఇసుజు వీ-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. హైలక్స్ కర్ణాటకలోని బిడదిలో. ఆన్‌రోడ్ ముప్పై లక్షల నుంచి నలభై పైదాకా. పొడవు పదిహేడు అడుగుల పైన. హైదరాబాద్ అపార్టుమెంటు సెల్లార్లో రెండు స్తంభాల మధ్య దాన్ని తిప్పడం ఒక విద్య. వెనక ఉండేవి కమాను పట్టీలు. అవి బరువు కోసం పుట్టినవి. తొట్టి ఖాళీగా ఉంటే ప్రతి గుంతకీ బండి వెనక భాగం ఎగురుతుంది, వెనక సీట్లో అత్తగారుంటే ఆ ప్రయాణం గురించి ఏడాదంతా వినాలి. వాన పడితే తొట్టిలో సూట్‌కేసులు తడుస్తాయి. దానికి మూత బిగించాలంటే మళ్లీ ఖర్చు. మూత బిగించాక అది ఇన్నోవాకి పొడుగు తమ్ముడు, అంతే. తెల్ల నంబరు ప్లేటుతో కిరాయికి సరుకు తోలడం కుదరదు. ఆ పనికైతే పది లక్షల అటూ ఇటూగా బొలెరో పికప్ టన్నుకి పైగానే మోస్తుంది. రొయ్యల చెరువుల దగ్గర గట్ల మీద తిరిగే రైతు, కాఫీ తోటల్లో కొండదారి పట్టేవాడు నాలుగు చక్రాలూ తిరిగే బండి కొంటే అర్థముంది. గచ్చిబౌలి ఫ్లైఓవరు ఎక్కడానికి అది అక్కర్లేదు.

బావగారి దగ్గర కూర్చుని నాలుగేళ్ల పద్దు రాయించాను. ఆయన గుర్తు చేసుకుంటూ చెప్పారు. ఒక ఫ్రిజ్. రెండు పరుపులు. తోటకి మట్టి బస్తాలు మూడుసార్లు. స్నేహితుడి సోఫా. నాలుగు వినాయకులు. మొత్తం పదకొండు ట్రిప్పులు. ఆ ఊళ్లో పికప్ అద్దెకి తెచ్చుకుంటే రోజుకి ఇరవై డాలర్లు, మైళ్లకి వేరే. పెట్రోలుతో కలిపి ట్రిప్పుకి యాభై వేసుకున్నా 550 డాలర్లు. ఆయన కట్టే నెల కిస్తీ అంతకన్నా ఎక్కువ.

నా తీర్పు నేను చెప్పేశాను. నెలలో నాలుగుసార్లయినా తొట్టి నిండనివాళ్లు ఈ బండి కొనొద్దు. కావలసిన రోజున అద్దెకి తెచ్చుకోండి, మిగతా రోజులు కారులో తిరగండి. ముచ్చటపడి కొంటున్నారా, నిక్షేపంగా కొనుక్కోండి. అవసరం అని మాత్రం ఇంట్లో చెప్పకండి.

బావగారు పద్దు రాసిన కాగితం రెండుసార్లు చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అమ్మేస్తారా మరి?"

"అమ్మేద్దాం" అన్నారు. "వచ్చే చవితి వెళ్లనీ."