తునికాకు సీమలో పొగాకు కట్టడి

పొగాకును కట్టడి చేసే పని ఉత్తర తెలంగాణలో బీడీ దగ్గర మొదలుకావాలి. ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో ఎండాకాలం వస్తే తునికాకు తెంపి, కట్టలు కట్టి, కల్లాల్లో ఆరబెట్టడం ఎన్నో గిరిజన కుటుంబాలకు కూలి. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఆడవాళ్లు చాట ముందు పెట్టుకుని ఆ ఆకుతో బీడీలు చుడతారు.

బీడీలో పొగాకు సిగరెట్టులో కంటే తక్కువ. దాంతో అది అంత చెడ్డది కాదని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తోంది. తునికాకులోంచి గాలి సరిగా చొరబడదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అలా పీల్చినప్పుడు తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగానే లోపలికి వెళ్తాయి. నోటి, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లు, గుండెపోటు, క్షయ ముప్పు పెరుగుతాయి. బీడీ ముట్టించనివాళ్లకూ హాని తప్పదు. చుట్టేవాళ్లు రోజంతా పొగాకు దుమ్ము పీలుస్తారు, చేతుల చర్మం గుండా కూడా నికోటిన్ ఒంట్లోకి దిగుతుంది.

పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు, బడికి 100 గజాల లోపల అమ్మకూడదు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగితే 200 రూపాయల వరకు జరిమానా. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. అయితే పాన్ డబ్బాలో ఒకటీ రెండూ విడిగా కొనేవాడి చేతికి ఆ బొమ్మ రాదు. గుట్కాపై నిషేధం ఉన్నా పాన్ మసాలా ఒక పొట్లంలో, జర్దా (నమిలే పొగాకు) మరో పొట్లంలో అమ్మేస్తున్నారు; రెండూ కలిపితే గుట్కాయే.

అయినా ఫలితం లేకపోలేదు. సర్వేల ప్రకారం దేశంలో పొగాకు వాడే పెద్దలు 2009-10లో 34.6 శాతం, 2016-17లో 28.6 శాతం. ఆ రెండో సర్వేలో తెలంగాణ లెక్క 17.8 శాతమే.

వాడకం తగ్గించడంలో ధర పెంచడాన్ని మించిన సాధనం లేదు. అలాంటిది 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లపై 40 శాతం పన్ను ఖరారు చేసి, బీడీపై మాత్రం 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. కార్మికుల బతుకుదెరువు కోసమే అనుకున్నా, పేదవాడి ఊపిరితిత్తులకు ఇది అన్యాయం. కార్మికులను ఆదుకునే దారి వేరే ఉంది. తెలంగాణలో 2015 నుంచి బీడీ కార్మికులకు పింఛను అందుతోంది. అది అవసరమే గానీ చాలదు, చాట పక్కన పెట్టినా ఇల్లు గడిచే మరో పని చూపాలి.

మానాలనుకున్న వారికి సాయం ఉంది. పొగాకు తలపు పుట్టినప్పుడు కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే అది సన్నగిల్లుతుంది. నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి డాక్టరు సలహాతో వాడవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. బీడీ, గుట్కా, అంబర్ లాంటి నమిలే పొగాకు ఏది మానాలన్నా ఈ నంబరుకు ఫోన్ చేయండి.