మెక్సికో పొసోలే మన కుక్కర్‌లో.. విజిల్స్ లెక్క కంటే ముందు ఈ సున్నం సంగతి తెలియాలి!

మొక్కజొన్న సూప్ అనగానే మనకు గుర్తొచ్చేది రెస్టారెంట్లలో దొరికే స్వీట్ కార్న్ సూప్. చిక్కగా, కాస్త తియ్యగా, పైన మిరియాల పొడి. మెక్సికోలో మాత్రం లెక్కే వేరు. పెద్ద గిన్నె నిండా ఎర్రటి పులుసు, అందులో పువ్వుల్లా విచ్చుకున్న తెల్లటి మక్క గింజలు, మెత్తగా ఉడికిన మాంసం, పైన పచ్చి క్యాబేజీ, ముల్లంగి ముక్కలు, నిమ్మరసం. దాని పేరు పొసోలే. సెప్టెంబర్ 15 రాత్రి, అంటే మెక్సికో స్వాతంత్య్ర వేడుకల వేళ, అక్కడ చాలా ఇళ్లలో పొయ్యి మీద ఉండేది ఇదే.

'ప్రెషర్ కుక్కర్‌లో అరగంటలో పొసోలే రెడీ' అంటూ వీడియోలు బోలెడు కనిపిస్తాయి. చూస్తే చాలా ఈజీ అనిపిస్తుంది. ఇంట్లో ఎండు మక్కలు ఉన్నాయి కదా అని నేరుగా కుక్కర్‌లో వేసి పది విజిల్స్ వేయిస్తే ఏమవుతుంది? గింజ ఉడుకుతుంది గానీ పొట్టు పంటికి తగులుతూనే ఉంటుంది. తెలంగాణ ఇళ్లలో చేసుకునే మక్క గుడాలు తయారవుతాయి. అవీ బాగుంటాయి, కాదనట్లేదు. కానీ అది పొసోలే కాదు.

ఎందుకంటే ఆ వీడియోల్లో డబ్బా మూత తీసి కుమ్మరించే గింజ మామూలు మక్క కాదు. దాన్ని హోమినీ అంటారు. అది అప్పటికే సున్నం నీళ్లలో ఉడికి, నాని, పొట్టు వదిలించుకుని వచ్చింది. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

సున్నంతో ఉడికించడమా?

అవును. తాంబూలంలో వేసుకునే సున్నం ఏ పదార్థమో, ఇదీ అదే. కాల్షియం హైడ్రాక్సైడ్. ఎండు మక్కల్ని సున్నం కలిపిన నీళ్లలో కాసేపు ఉడికించి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. సున్నం క్షారం కాబట్టి గింజ పైపొరను పట్టి ఉంచే జిగురులాంటి పదార్థాన్ని కరిగించేస్తుంది. పొద్దున చేత్తో రుద్దితే పొట్టు జారిపోతుంది. నీళ్లు సులువుగా లోపలికి వెళ్తాయి, గింజ ఉబ్బుతుంది. టోర్టియాలు, టాకోల దగ్గర వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన కూడా ఈ సున్నం పుణ్యమే. ఈ పద్ధతిని నిక్స్టమలైజేషన్ అంటారు. అక్కడి ప్రాచీన భాష నాహువాట్ల్‌లో బూడిదకు ఉన్న పేరు నుంచి పుట్టిన మాట ఇది. సున్నం బదులు కట్టెల బూడిద నీళ్లు వాడినా ఇదే పని జరుగుతుంది మరి. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లో ఈ కిటుకు వయసు మూడు వేల ఏళ్ల పైమాటే.

ఇంతవరకూ ఇది రుచికి సంబంధించిన విషయంలాగే కనిపిస్తుంది. కానీ దీని వెనుక ప్రాణాల లెక్క కూడా ఉంది.

మక్క సముద్రం దాటింది.. సున్నం దాటలేదు

కొలంబస్ తర్వాత స్పెయిన్ వాళ్లు మొక్కజొన్నను యూరప్‌కు తీసుకెళ్లారు. పంట బాగా పండింది. పేదల కడుపు నింపింది. కానీ సున్నంలో నానబెట్టే పద్ధతిని వెంట తీసుకెళ్లలేదు. గోధుమల్లాగే దీన్నీ నేరుగా పిండి పట్టించుకున్నారు. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఒక వింత జబ్బు గురించి రాశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగుళ్లు, మెడ చుట్టూ హారంలా మచ్చలు. తర్వాత ఉత్తర ఇటలీలో మక్క పిండి గంజి మీదే బతికే రైతుల్లోనూ ఇదే కనిపించింది. గరుకు చర్మం అనే అర్థంలో అక్కడివాళ్లు దీన్ని పెల్లాగ్రా అన్నారు. చర్మంతో మొదలై, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం.. చికిత్స లేకపోతే చావు.

20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఈ జబ్బుతో వేల మంది చనిపోయారు. అంటువ్యాధి అని భయపడ్డారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టర్ మాత్రం కాదు, ఇది తిండిలో లోపం అని పట్టుబట్టారు. 1915లో మిసిసిపీలో జైలు ఖైదీలకు ఎక్కువగా మక్క ఆధారిత భోజనమే పెట్టి జబ్బు రప్పించి మరీ చూపించారు. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి. 1937లో అసలు లోపం తేలింది. అది నియాసిన్, అంటే విటమిన్ బి3.

మరి మక్కలో నియాసిన్ లేదా? ఉంది. కానీ మన ఒంటికి అందకుండా గింజలో బిగుసుకుపోయి ఉంటుంది. సున్నం నీళ్లు ఆ ముడి విప్పుతాయి. అందుకే వేల ఏళ్లుగా మక్కే ప్రధాన ఆహారమైన మెక్సికో పల్లెల్లో ఈ జబ్బు యూరప్‌లోలా విజృంభించలేదు. పైగా గింజకు కాల్షియం కూడా ఎక్కుతుంది.

ఇక్కడ మన ప్రాంతం ప్రస్తావన కూడా వస్తుంది. దక్కన్‌లో జొన్న మీదే ఎక్కువగా ఆధారపడ్డ పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థ, అదే ఇప్పటి ఎన్ఐఎన్, దీనిపై చాలా పని చేసింది. డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీనిపై పరిశోధన వ్యాసం ప్రచురించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఒక కారణం కావచ్చని వాళ్లు ప్రతిపాదించారు. దీనిపై తర్వాత శాస్త్రవేత్తల మధ్య వాదనలు నడిచాయి. ఇది చదివి జొన్న రొట్టె మానేయకండి. పప్పు, పాలు, ఆకుకూర, మాంసం లాంటివి తోడుగా తినేవాళ్లకు ఈ భయం లేదు. ఒకే గింజ మీద బతకాల్సిన పేదరికమే అసలు సమస్య.

సరే, ఇక వంట గదిలోకి వద్దాం.

హోమినీ ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో చేసుకోవచ్చా?

అమెరికాలో ఉన్న మనవాళ్లకు చాలా తేలిక. డల్లాస్, హ్యూస్టన్ లాంటి చోట్ల సూపర్ మార్కెట్‌లో మెక్సికన్ సరుకుల వరుసలో హోమినీ డబ్బాలు ఉంటాయి. అవి పూర్తిగా ఉడికినవే. నీళ్లు వంపేసి కడిగి వాడుకోవడమే. ఇక్కడైతే మామూలు కిరాణా కొట్టులో దొరకవు. ఎండు మక్కలతో ఇంట్లోనే చేసుకోవాలి. మెక్సికోలో పొసోలేకి కకావసింత్లే అనే పెద్ద, తెల్లటి, మెత్తటి గింజ రకం వాడతారు. మన మక్క చిన్నది, గట్టిది. కాబట్టి అంత పెద్ద పువ్వులా విచ్చుకోదు. రుచి మాత్రం వస్తుంది. స్వీట్ కార్న్ మాత్రం వద్దు, దానికి ఈ పద్ధతి పనికిరాదు.

నలుగురికి పావు కిలో ఎండు మక్కలు చాలు. విత్తనం కోసం మందు పట్టించిన గింజలు కాకూడదు, తినడానికి అమ్మేవే తీసుకోవాలి. లీటరున్నర నీళ్లలో ఒక టీస్పూన్ తినే సున్నం పొడి కలిపి, గింజలు వేసి, 30 నిమిషాలు సన్నని మంట మీద ఉడికించాలి. గింజలు పసుపు రంగులోకి తిరుగుతాయి. కంగారు పడకండి, సున్నం పనిచేస్తోందని అర్థం. మంట ఆపి మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున నాలుగైదు నీళ్లతో రుద్ది కడిగితే పొట్టు వచ్చేస్తుంది. చేతికి జారుడు తగలనంత వరకు కడగాలి. ఓపికుంటే గింజ చివర ఉండే గట్టి ముక్కును గోటితో తీసేయండి. అది తీస్తేనే గింజ బాగా విచ్చుకుంటుంది. నిజం చెప్పాలంటే బోర్ కొట్టే పని. టీవీ ముందు కూర్చుని చేసుకుంటే అయిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. సున్నం నీళ్లను అల్యూమినియం గిన్నెలో గానీ, అల్యూమినియం కుక్కర్‌లో గానీ ఉడికించొద్దు. క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. గిన్నె నల్లబడుతుంది, ఆ లోహం తిండిలోకి దిగుతుంది. మన ఇళ్లలో చాలా కుక్కర్లు అల్యూమినియంవే కాబట్టి ఈ మొదటి దశ స్టీలు గిన్నెలోనే చేయాలి. కడిగేశాక మామూలు కుక్కర్ వాడుకోవచ్చు. అలాగే గోడలకు వేసే సున్నం, నీళ్లు పోస్తే పొగలు కక్కే సున్నపు రాళ్లు అస్సలు ముట్టుకోవద్దు. తినడానికి తగినదని రాసి ఉన్నదే కొనాలి. పిల్లలకు అందకుండా పెట్టాలి, కంట్లో పడితే చాలా ప్రమాదం.

ఇక కుక్కర్ పని మొదలు

మెక్సికోలో కుక్కర్‌ను ఒయా ఎక్స్‌ప్రెస్ అంటారు. అక్కడి ఇళ్లలో దానికి గట్టి కారణమే ఉంది. మెక్సికో సిటీ సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తులో నీళ్లు 100 డిగ్రీలకు కాదు, 93 డిగ్రీల లోపే మరిగిపోతాయి. దాంతో మక్కలు, చిక్కుడు గింజలు ఎంతకీ ఉడకవు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. మామూలు గిన్నెలో మూడు నాలుగు గంటలు పట్టే గింజ గంటలోపు ఉడికిపోతుంది.

కడిగిన మక్కలు, లీటరున్నర నీళ్లు, సగం ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు 5 లీటర్ల కుక్కర్‌లో వేయండి. కుక్కర్ సగం దాటకూడదు, గింజలు ఉబ్బుతాయి, నురగ వస్తుంది. పొసోలే అనే పేరును కూడా నురగ అనే అర్థంతోనే ముడిపెడతారు లెండి. ఆ నురగ విజిల్ రంధ్రానికి అడ్డుపడితేనే ప్రమాదం. అందుకే మూత పెట్టే ముందు రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూసుకోండి. ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. ఉప్పు తర్వాత వేద్దాం.

మొదటి విజిల్ వచ్చాక మంట సిమ్‌లో పెట్టి 45 నిమిషాలు. విజిల్స్ లెక్కపెట్టొద్దు, గడియారం చూడండి. ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది. ఆపాక ప్రెషర్ దానంతట అదే దిగాలి. తొందరపడి వెయిట్ ఎత్తితే చిక్కటి వేడి నీళ్లు పైకి చిమ్ముతాయి. మూత తీసి ఒక గింజ కొరికి చూడండి. లోపల తెల్లటి పలుకు తగిలితే ఇంకో 15 నిమిషాలు.

గింజ మెత్తబడ్డాక ఎముకతో ఉన్న చికెన్ ముక్కలు ముప్పావు కిలో, ఉప్పు వేసి మళ్లీ మూత పెట్టండి. బ్రాయిలర్ అయితే మూడు విజిల్స్, నాటుకోడి అయితే ఏడెనిమిది. మెక్సికోలో ఎక్కువగా పంది మాంసం వాడతారు, చికెన్‌తోనూ చేస్తారు. డబ్బా హోమినీ అయితే ముందటి దశలన్నీ వదిలేసి నేరుగా ఇక్కడ మొదలుపెట్టడమే. మూడు కప్పుల గింజలు సరిపోతాయి. 'అరగంటలో రెడీ' అనే మాట నిజమయ్యేది వాళ్లకే.

గుంటూరు మిర్చి వేస్తే మంటే..

పొసోలే మూడు రంగుల్లో ఉంటుంది. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. మెక్సికో జెండా రంగులే. ఎర్రటిది హలీస్కో రాష్ట్రంలో ఫేమస్. గెర్రెరోలో గుమ్మడి గింజలు, టొమాటిల్లోలతో ఆకుపచ్చ పొసోలే చేస్తారు. గురువారం వస్తే అక్కడ అదే తినడం అలవాటు. తెల్లదాంట్లో మిర్చి ముద్ద కలపరు.

ఎర్రదానికి వాళ్లు గ్వాహియో, ఆంచో అనే ఎండుమిర్చి వాడతారు. వాటిలో రంగు ఎక్కువ, కారం తక్కువ. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. రంగు కోసం గుంటూరు మిర్చి పది వేస్తే ఆ గిన్నె ఎవరూ ముట్టుకోలేరు. బదులుగా బ్యాడ్గి మిర్చి వాడండి. లేదంటే వరంగల్ చపాటా మిర్చి ఇంకా బాగుంటుంది. మంచి ఎరుపు, కారం తక్కువ. 2025లో దీనికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఎనిమిది మిరపకాయలు గింజలు తీసి, వేడి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఐదు వెల్లుల్లి రెబ్బలు, సగం ఉల్లిపాయ, చిటికెడు జీలకర్రతో మెత్తగా రుబ్బండి. వడకట్టి, రెండు చెంచాల నూనెలో ఐదు నిమిషాలు వేయించండి. పచ్చి వాసన పోయి రంగు ముదిరితే చాలు.

ఈలోగా చికెన్ బయటికి తీసి, ఎముకలు తీసేసి పీచులుగా విడదీయండి. మిర్చి ముద్ద, చికెన్ కుక్కర్‌లో కలిపి, మూత లేకుండా 15 నిమిషాలు మరగనివ్వండి. పిజ్జాతో వచ్చే ఒరెగానో ప్యాకెట్లు దాచుకున్నవి ఉంటే ఇప్పుడు పనికొస్తాయి. లేకపోతే కుండీలో ఉన్న వామాకు రెండు సన్నగా తరిగి వేయండి. అచ్చం అదే రుచి కాదు గానీ దగ్గర్లో ఉంటుంది. గరం మసాలా, కొబ్బరి మాత్రం వేయొద్దు. వేస్తే మన కోడి పులుసు అవుతుంది.

గిన్నెల్లో వేడివేడిగా పోసి, సన్నగా తరిగిన క్యాబేజీ, ముల్లంగి చక్రాలు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్కలు విడిగా పళ్లెంలో పెట్టండి. ఎవరికి కావాల్సినంత వాళ్లు వేసుకుంటారు. ఇవి వేడి పులుసులో కరకరలాడాలి కాబట్టి ముందే కలిపి ఉడికించకూడదు. పక్కన మెక్సికన్లు కరకరలాడే టోస్టాడాలు పెట్టుకుంటారు. మనం మక్క రొట్టెను పెనం మీద ఎర్రగా కాల్చుకుని విరుచుకు తినొచ్చు.

మిగిలితే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు బాగుంటుంది. గింజలు పులుసు పీల్చేసి చిక్కబడతాయి కాబట్టి వేడి చేసేటప్పుడు ఒక గ్లాసు వేడి నీళ్లు, కాస్త ఉప్పు కలుపుకోవాలి.