మీకు తెలుసా? తొంభైలోనూ కండబలం పెరుగుతుంది!

తొంభై ఏళ్ల వయసులో కాళ్లకు బలం తిరిగొస్తుందా? వస్తుందని 1990లోనే తేలింది. అమెరికాలోని బోస్టన్‌లో వైద్యురాలు మరియా ఫియాతరోన్ బృందం ఒక వృద్ధుల కేంద్రంలోని 10 మంది చేత 8 వారాలపాటు బరువులతో తొడ కండరాల వ్యాయామం చేయించింది. వాళ్ల సగటు వయసు 90. ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో సగంతో మొదలుపెట్టి, ఆ తర్వాత 80 శాతానికి తెచ్చారు. చివరిదాకా కొనసాగిన 9 మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

ఇద్దరైతే చేతికర్ర వదిలేశారు!

వ్యాయామం వృద్ధులకే కాదు, అందరికీ అవసరమే. ఏ వయసుకు ఎంత కావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు. పెద్దలకు వారానికి 150–300 నిమిషాల చురుకైన నడకలాంటిది. ఇబ్బందులేవీ లేని గర్భిణులకు, బాలింతలకు వారానికి కనీసం 150 నిమిషాలు. 65 దాటినవారు వారంలో కనీసం 3 రోజులు కండబలాన్ని, నిలకడను పెంచే వ్యాయామాలూ చేయాలి. తూలి పడిపోయే ముప్పు వాటితో తగ్గుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు గోడకు ఆనించిన కుర్చీలోంచి మెల్లగా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుణ్ని కలవాలి. కీళ్ల మార్పిడి, పక్షవాతం తర్వాతైతే ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే చేయాలి.